కుర్చీలో ఎవరున్నారు

నాకు అనుమానం ఎక్కువ. పాలవాడు పాలు కొలుస్తుంటే వాడి బొటనవేలు కొలతలో ఎంత మునిగిందో చూస్తాను. డాక్టరు మందు రాస్తే పక్కవీధి డాక్టరుకి చూపించాకే మింగుతాను. మా ఆయన గౌరునాయుడు దీన్ని జబ్బంటాడు. "పీటల మీద కూడా నా మొకం తిరిగి తిరిగి సూసింది, పెళ్ళికొడుకుని మార్సేసారేమోనని" అని చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తాడు. అలాంటి నేను ఒక్కడి దగ్గర మాత్రం కళ్ళు మూసుకుని ఉండేదాన్ని. వాడు మా తమ్ముడు.

వాడి పేరు తవిటినాయుడు. నా తరవాత పుట్టిన పిల్లలు దక్కకపోయేసరికి, మా అమ్మ వీణ్ణి పుట్టగానే చేటెడు తవుడుకి పక్కింటి ముసలమ్మకి అమ్మేసి మళ్ళీ తెచ్చుకుంది. అలా చేస్తే బిడ్డ నిలుస్తాడని మావైపు నమ్మకం. నిలిచాడు. చంకనేసుకుని పెంచింది నేనే. పెద్దయ్యాక మెదడు మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. ఇప్పుడు వాడి గది తలుపు మీద డాక్టర్ టి. నాయుడు అని ఉంటుంది. ఆ టి ఏమిటని ఎవరైనా అడిగితే మాట మార్చేస్తాడు.

డేగకొండ మీద గాజు వంతెన కట్టాక నాకూ మా తమ్ముడికీ అక్కడే పని దొరికింది. ఈ శిఖరానికీ ఆ శిఖరానికీ మధ్య గాలిలో వేసిన గాజు నేల అది. కింద లోయ, లోయకవతల సముద్రం. చెప్పులు విప్పినవాళ్ళకి గాజు గీసుకుపోకుండా కౌంటరులో కూర్చుని గుడ్డ మేజోళ్ళు ఇవ్వడం నా పని. జనం ఎక్కడెక్కడినుంచో వచ్చేవాళ్ళు. గాజు అంచుని గుడి గడపలా ముట్టుకుని కళ్ళకద్దుకునేవాళ్ళు. తీరా కాలు పెట్టి కిందికి చూసేసరికి మగవాళ్ళు కమ్మీ పట్టుకుని కొయ్యబారిపోయేవాళ్ళు, ఆడవాళ్ళు మెడలో పుస్తెలు గుప్పిట్లో బిగించుకునేవాళ్ళు. చాలామంది అక్కడినుంచే వెనక్కి తిరిగేవాళ్ళు. వాళ్ళని చూసి నేను నవ్వేదాన్నిగాని, నిజానికి నేనూ ఏనాడూ ఆ గాజు మీద కాలు పెట్టలేదు. నాకు మేడమెట్లు దిగడమే భయం.

ఇలా వెనక్కి పోయేవాళ్ళ కోసం మా తమ్ముడు కనిపెట్టినదే ఊత. చెవి వెనక పెట్టుకునే చిన్న పట్టీ.

దాని సంగతి మొదట విన్నది మా ఇంట్లోనే. రొయ్యల కూర వడ్డిస్తున్నాను. తవిటి వేళ్ళు నాకుతూ మా ఆయన్ని అడిగాడు.

"బావా, టవరెక్కి కిందికి చూస్తే నీకేమనిపిస్తాది?"

"ఆకలేస్తాది" అన్నాడు మా ఆయన. ఆయన కరెంటు లైన్‌మేన్. పెద్ద లైన్ల టవర్ల మీద పొద్దున్నెక్కితే మధ్యాహ్నం దాకా అక్కడే. బెల్టు కట్టుకుని, కాళ్ళు వేలాడేసుకుని, పైనే బీడీ కాల్చుకునే మనిషి.

తవిటికి కావలసింది అదేనట. వంతెన అవతలి కొసన, కొండ పక్కన ఇనప మెట్లు దిగితే ఒక గది. అందులో కుర్చీ. భయం లేని మనిషి ఆ కుర్చీలో ఊత పెట్టుకుని కూర్చుంటే, ఆ మనిషి స్థిమితం పైన గాజు మీద ఊత పెట్టుకున్నవాళ్ళకి అందుతుంది.

"ఒకసారి రికార్డు చేసి పెట్టుకోవచ్చు కదరా" అన్నాను.

"పనిచెయ్యదక్కా. అప్పటికప్పుడు బతికున్న మనిషి దగ్గర్నుంచే రావాలి."

"మరి అందరికీ ఈయనదే పోస్తే ఈయన దగ్గరేం మిగుల్తాది?"

తవిటి నవ్వాడు. "రేడియోలో పాటేస్తే ఊరంతా వింటారు. పాట అరిగిపోద్దా? నీ అనుమానం నా కూరలో కూడా వేసేసినట్టున్నావే" అన్నాడు. మా ఆయన పొలమారేలా నవ్వాడు. నేనూ నవ్వాను. సెలవురోజుల్లో వచ్చి కూర్చుంటానని మా ఆయన ఒప్పేసుకున్నాడు. ఊత ఆ రోజుల్లోనే ఇచ్చేవాళ్ళు.

మొదటి రోజు మెలేసిన మీసాలున్న పోలీసాయన ఒకడు వచ్చాడు. ఊత లేకుండా రెండడుగులేసి, బోర్లా పడుకుని, పాకుతూ వెనక్కొచ్చాడు. వాళ్ళావిడ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. చెవి వెనక ఊత తగిలించి మళ్ళీ పంపారు. మధ్యదాకా వెళ్ళాడు, కిందికి చూశాడు, చేతులు వెనక్కి కట్టుకుని తన పొలంగట్టు మీదలా పచార్లు చేశాడు. వచ్చేటప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. మా తమ్ముణ్ణి చూసి నాకూ కళ్ళు చెమర్చాయి. గర్వంగా అనిపించింది, దాచుకోవడమెందుకు. కొన్ని నెలల్లో ఆ వంతెన మీద అడుగుపెట్టే చోటు లేకుండా పోయింది.

ఇంట్లో మాత్రం చిన్నచిన్న తేడాలు కనిపించసాగాయి. నా కంట పడకుండా ఎలా ఉంటాయి.

ముందు ఆయన మంచం వదిలేసి నేల మీద చాప వేసుకున్నాడు. నడుం నొప్పన్నాడు. అటక మీద ఊరగాయ జాడీ తీసిపెట్టమంటే, ఎదురింటి కుర్రాణ్ణి పిలిచాడు. వడియాలు ఆరబెట్టడానికి డాబా ఎక్కమంటే ఎండ ఎక్కువగా ఉందన్నాడు. నడుం నొప్పి ఉన్న మనిషి బియ్యం బస్తా భుజానేసుకుని ఎలా వచ్చాడు? ఎండకి ఓర్వలేని మనిషి టవర్ల మీద ఎలా పనిచేస్తున్నాడు? పైగా డ్యూటీ నుంచి వచ్చిన చొక్కాకి గ్రీజు మరక లేదు. పొద్దున్న ఎంత తెల్లగా వెళ్ళిందో అంత తెల్లగానే తిరిగొస్తోంది.

ఆడదాన్ని కదా, ముందు ఆ అనుమానమే వచ్చింది. చొక్కాలు వాసన చూశాను. ఫోను చూశాను. ఏమీ దొరక్కపోయేసరికి ఇంకా కోపం వచ్చింది. ఒకరోజు కౌంటరుకి సెలవు పెట్టి, ఆయన లైను పని జరిగే చోటికి ఆటో కట్టించుకుని వెళ్ళాను. ఎవత్తో ఒకత్తి ఉంటుందని, దాని జుట్టు పట్టుకోవాలని పళ్ళు నూరుకుంటూనే వెళ్ళాను.

అక్కడ ఎవత్తీ లేదు. గ్యాంగంతా టవరు మీద ఉంది. మా ఆయన ఒక్కడూ కింద నిలబడి తాడుకి సామాన్లు కట్టి పైకి పంపుతున్నాడు. తలెత్తి చూడటం లేదు. పైనుంచి ఎవరో "అన్నా, పానా పంపు" అంటే తల వంచుకునే కడుతున్నాడు. నన్ను చూడగానే ఆయన మొహం పాలిపోయింది.

"నడుం నొప్పే వొదినా, ఆ పని మేం సూసుకుంతం" అన్నాడు పైనున్నవాడు. అడగకముందే చెప్పాడంటే అబద్ధమే.

"ఎక్కు" అన్నాను మా ఆయనతో.

"వరాలూ, ఇప్పుడెందుకే."

"నేను చూస్తాను. ఎక్కు."

ఎక్కాడు. నా తలకంటే కాస్త ఎత్తు కూడా వెళ్ళలేదు. ఒక చెయ్యి గబుక్కున మెడ దగ్గరికి పోయి, ఖాళీ మెడ మీద దేన్నో వెతికి గుప్పిట బిగించింది. నేను రోజూ కౌంటరు దగ్గర చూసేదే అది. పుస్తెలు పట్టుకునే ఆడవాళ్ళ చెయ్యది. మగమనిషి, మెడలో నూలుపోగైనా లేని మనిషి, అలా ఎందుకు పట్టుకుంటాడు?

దించి కూర్చోబెట్టి నీళ్ళు తాగించాక చెప్పాడు. "కిందికి సూస్తే ఎవులో అరస్తన్నట్టుంటాదే. ఒకలు కాదు, శానామంది. ఆడోల్లు, పిల్లలు, ముసిలోల్లు. ఎవులూ నాను కాదు. అయినా బయం నాకే."

ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. టవరెక్కని మనిషిని గ్యాంగులో ఉంచుకోరు. తుఫాను వస్తోందని కబురు, వస్తే అందరూ ఎక్కాల్సిందే, అప్పటికి తగ్గిపోతుందన్నాడు. తగ్గకపోయినా ఎక్కేస్తాడని నాకు తెలుసు. సిగ్గు కోసం ప్రాణం మీదికి తెచ్చుకునే రకం. గుప్పిట కమ్మీ మీద ఉండాల్సిన చోట మెడ మీద ఉంటే మనిషి ఏమవుతాడు?

తిన్నగా తమ్ముడి గదికి వెళ్ళాను. "ఆ కుర్చీలో మీ బావకి ఏం జరుగుతోందిరా?"

తవిటి ఓపిగ్గా కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, తెర మీద గీతలు చూపించాడు. "ఇదిగో, ఇది బావ దగ్గర్నుంచి వెళ్ళేది. వచ్చేది ఏమీ లేదు, చూడు, సున్నా. ఇది పంపడమేగానీ పుచ్చుకోవడం ఎరగదక్కా. బావకి వయసొస్తోంది, అంతే. ఆ వయసులో తల తిరగడం మామూలే."

గీతలు నాకేం అర్థమవుతాయి. వాడు నా కళ్ళలోకి చూడకుండా తెర వైపు చూస్తూ చెప్పాడు. ఇంకెవడైనా అయితే అక్కడే నిలేసేదాన్ని. నేను చంకనేసుకుని పెంచినవాడు గనక, చదువుకున్నవాళ్ళు అలాగే మాట్లాడతారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

గుట్టు బయటపెట్టింది తవిటి తరవాత పుట్టిన మా చెల్లెలి మొగుడు సింహాద్రి. పాపం, వాడికి తెలియకుండానే.

మా ఆయనకి ఆ గదికి పోయే ఇనప మెట్లు దిగడం కూడా చేతకాకుండా పోయింది. ఆ సంగతి తవిటికి చెప్పలేక, మావాళ్ళలో ఎవరైనా చేసే పనే చేశాడు. తన బదులు తోడల్లుణ్ణి కూర్చోమన్నాడు. మా ఇళ్ళల్లో రేషను క్యూలో నిలబడాలన్నా, ఆసుపత్రిలో కాపలా ఉండాలన్నా ఒకరికి బదులు ఒకరు పోవడం మామూలే. ఇదీ అలాంటిదే అనుకున్నారు ఇద్దరూ. మెట్ల దగ్గరుండే మనిషి, కుర్చీలో కూర్చునేవాళ్ళకిచ్చే టోపీ చూసి లోపలికి పంపేస్తాడు, మొహం చూడడు.

ఆ ఆదివారం సాయంత్రం సింహాద్రి ఖాళీ టిఫిను బాక్సు ఊపుకుంటూ నా కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"వొదినా, ఏసీ గది బలే ఉంది. పొద్దుట్నుంచీ అందులోనే కూకున్నాను. అన్నయ్య బదులు."

నేను బిత్తరపోయాను. సింహాద్రి ధైర్యం మా చుట్టాలందరికీ తెలిసిందే. రైల్లో పైబెర్తు ఇస్తే, ఎక్కనని రాత్రంతా తలుపు దగ్గర కూర్చుని వచ్చినవాడు. తీర్థంలో జెయింట్ వీల్ ఎక్కించారని మా చెల్లెలితో నెల్లాళ్ళు మాట్లాడలేదు. అలాంటివాడు పొద్దుట్నుంచీ కుర్చీలో ఉంటే, పైన గాజు మీద జనం ఎలా ఉన్నారు? ఎప్పటిలాగే ఉన్నారు. నేను కళ్ళారా చూశాను. ఒక ముసలమ్మ వంతెన మధ్యలో బాసింపట్టు వేసుకుని మరమరాలు తింది. పిల్లలు గాజు మీద పడుకుని కింద మేకల్ని చూపించుకున్నారు.

సింహాద్రి దగ్గర చెంచాడు ధైర్యం లేదు. మరి ముసలమ్మకి వచ్చిన ధైర్యం ఎవరిది? ఎవరిదీ కాదు. అసలు ఎవరూ ఏమీ ఇవ్వటం లేదు. ఆవిడ దగ్గర ఉన్న భయాన్నే తీసేస్తున్నారు.

"నీకెలాగుంది బాబూ?" అని అడిగాను.

"బాగానే ఉంది గాని వొదినా, ఆ మెట్లెక్కి రాడానికి శానా సేపు పట్టింది. అవి అంతెత్తున్నాయేటి?"

తమ్ముడి గది తలుపు కొట్టలేదు, తోసుకునే వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఈసారి తెర వైపు చూడనివ్వలేదు. గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పుకున్నాను, చిన్నప్పుడు అబద్ధమాడితే తిప్పినట్టే.

"ధైర్యం ఇవ్వడం ఎవరివల్లా కాలేదక్కా" అన్నాడు చివరికి. "ఎంతో ప్రయత్నించాను. భయం లాగెయ్యడం మాత్రం కుదిరింది. లాగింది ఎక్కడో ఒకచోటికి పోవాలి. ఖాళీ కుర్చీలోకి పోదు. మనిషి ఉండాలి."

"అందుకు మీ బావ దొరికాడా?"

"భయం లేని మనిషయితే చోటెక్కువ ఉంటుంది, అది పైకి కనిపించడానికి చాలాకాలం పడుతుంది అనుకున్నాను. ఈలోగా ఏదో ఒక దారి దొరుకుతుందనుకున్నాను."

వాడు బావ అనలేదు, మనిషి అన్నాడు. చెంప మీద కొట్టాను. వాడు పెద్దవాడయ్యాక చెయ్యి చేసుకోవడం అదే మొదలు. ఆ తరవాత ఇద్దరం ఏడ్చాం.

"వెనక్కి తియ్యొచ్చా?" అని అడిగాను.

"తియ్యొచ్చు. బావ ఊత పెట్టుకుని గాజు మీద నడిస్తే చాలు. ఆయనలో చేరిందంతా అప్పుడు కుర్చీలో ఉన్నవాళ్ళకి పోతుంది."

"అయితే నువ్వు కూర్చో."

వాడు నా చెయ్యి తీసుకుని, "అమ్మ మీద ఒట్టు, నేనే కూర్చుంటానక్కా" అన్నాడు. నాకది చాలు అనిపించింది.

మా ఆయన ఒప్పుకోవడానికి గునిశాడు. "సదువుకున్నోడు, ఆడికెందుకే ఈ కర్మ" అన్నాడు. చేసినవాడు మోస్తే న్యాయమే అని నేనే బలవంతపెట్టాను. మెడ మీద బిగుసుకున్న ఆయన గుప్పిట నా కళ్ళముందే ఉంది. తుఫాను ఇంకా దగ్గరికొచ్చిందని రేడియోలో చెప్తున్నారు.

వంతెన తెరవకముందే, పొద్దున్నే వెళ్ళాం. తవిటి కుర్చీలో కూర్చున్న ఫోటో ఫోనుకి పంపాడు. చెవి వెనక ఊత, మొహంలో నవ్వు. "నేను రెడీ అక్కా" అని రాశాడు. వెళ్ళి చూసి రావాలంటే కొండ చుట్టూ తిరగాలి. వెళ్ళలేదు. పాలవాడి బొటనవేలు చూసేదాన్ని, ఆ ఫోటో ఎప్పుడు తీసిందో అడగలేదు.

మా ఆయన ఊత పెట్టుకుని, కళ్ళు మూసుకుని గాజు మీద కాలు పెట్టాడు. నాలుగడుగులు వేశాక కళ్ళు తెరిచాడు. కిందికి చూశాడు. భుజాలు నెమ్మదిగా దిగాయి. మధ్యదాకా వెళ్ళేసరికి నడక మారింది. అది నాకు తెలిసిన నడక, టవరు దిగి ఇంటికొచ్చే మనిషి నడక. నా వైపు తిరిగి, "వరాలూ, ఆకలేస్తందే" అని అరిచాడు. నేను కమ్మీ పట్టుకుని భోరున ఏడ్చాను. ఎన్నాళ్ళకి దొరికాడు నా మొగుడు.

"చూశావా, చెప్పాను కదా" అన్నారు పక్కనుంచి.

తవిటి. చేతిలో రెండు టీ గ్లాసులు. ఒకటి నాకందిస్తున్నాడు.

నాకు మొదట అర్థం కాలేదు. గ్లాసు అందుకోబోయాను కూడా. చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

"నువ్విక్కడున్నావేంటిరా? కుర్చీలో ఎవరున్నారు?"

"ఉన్నార్లే అక్కా, ఎవరో ఒకరు."

"ఎవరు?"

"సింహాద్రి బావ. ఆయనే సరదాపడ్డాడు, ఏసీ గది బాగుందని. నేను లేకపోతే రేపట్నుంచి ఇదంతా ఎవరు నడుపుతారక్కా, నువ్వే చెప్పు. ఇంకాస్సేపు ఆగు, బావ ఎలా నడుస్తున్నాడో చూడు."

చూశాను. నా మొగుడు గాజు మీద చేతులూపుకుంటూ తిరుగుతున్నాడు. నోరు మూసుకుంటే చాలు, ఆయన బాగుపడిపోతాడు. తుఫాను వచ్చినా బెల్టు కట్టుకుని ఎక్కి, క్షేమంగా దిగుతాడు. నోరు మూసుకోవాలని నాకు అనిపించింది, అబద్ధమెందుకు చెప్పాలి. అప్పుడే అవతలి కొస కింద ఏదో కదిలింది. సింహాద్రి గది వదిలి బయటికొచ్చాడు, ఊత ఇంకా చెవి వెనకే ఉన్నట్టుంది. ఇనప మెట్ల మధ్యలో రెండు చేతులతో కమ్మీని కౌగిలించుకుని, పైకీ కిందికీ కాకుండా వేలాడుతున్నాడు. కాలొకటి మెట్టు మీద ఆనడం లేదు.

"ఏమయ్యా, ఊత తీసెయ్" అని అరిచాను. "అక్కడున్నది తవిటి కాదు, మన సింహాద్రి."

మా ఆయన నా మాట విని, తన కాళ్ళ కిందికి, గాజులోంచి అవతలికి చూశాడు. ఇంకేమీ అడగలేదు. చెవి వెనకనుంచి ఊత లాగి పారేశాడు. మరుక్షణం మోకాళ్ళు మడుచుకుని గాజు మీద కూలబడ్డాడు. ఆయనలో భయం పూర్తిగా ఖాళీ కాలేదు, మిగిలింది మళ్ళీ మీదపడింది. అయినా ముఖం ఇటు తిప్పలేదు, సింహాద్రి ఉన్న కొసకే పాకబోతున్నాడు, పాకలేకపోతున్నాడు.

"సుట్టూ తిరిగెల్తే అందడే" అన్నాడు. "ఇలాగే ఎల్లాల."

తవిటి నా చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, నువ్వు ఎక్కలేవు. ఇదిగో, ఇంకో ఊత పెట్టుకో. నేను ఎవరినో ఒకరిని కూర్చోబెడతాను, ఒక్క నిమిషం."

వాడి చెయ్యి విదిలించుకుని గాజు మీద కాలు పెట్టాను. కింద నేల లేదు. కూలబడి, చేతులూ మోకాళ్ళూ ఆనించి, మా ఆయన దగ్గరిదాకా పాకాను. ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన నా జబ్బ పట్టుకున్నాడు. ఇద్దరి చేతులూ ఒకేలా వణుకుతున్నాయి, ఎవరి వణుకు ఎవరిదో తెలియలేదు.

"సింహాద్రీ, కదలకు బాబూ, మేం వస్తన్నాం" అని అరిచాను.

"బేగి రండొదినా" అని కిందనుంచి సన్నగా వినిపించింది.

వెనకనుంచి తవిటి "అక్కా" అని పిలుస్తూనే ఉన్నాడు. నేను వెనక్కి తిరగలేదు. పక్కపక్కనే, కళ్ళు తెరుచుకునే, గాజు మీద పాకుతూ అవతలి కొసకి సాగాం.